రత్నం అచ్చు

జూలై 9
ఊట: నాలుగు బకెట్లు

ఉదయం 10:40. మూడో కట్ట వృత్తి విద్యాలయంలో సీలు ఫిట్టరు పరీక్షకు హాజరైన ఇరవై ఆరు మందిలో ఇరవై ఐదుగురు పాసయ్యారు, ఒకరు ఫెయిలయ్యారు. వాళ్ళు వేసిన ఇరవై ఆరు రబ్బరు అతుకుల్లో నీళ్ళు కారనిది ఒక్కటే. అది ఫెయిలైన అమ్మాయిది.

పాసు, ఫెయిలు తేల్చింది చేతుల కదలికలు కొలిచే చేతొడుగులు. అతుకుల సంగతి తేల్చింది నీళ్ళ తొట్టి. చేతొడుగులు పాఠ్య ప్రణాళికలో ఉన్నాయి. తొట్టి లేదు. ఇన్‌స్ట్రక్టరు గుబ్బల ఏలియాగారు ఒక పాత పంపు, నాలుగు ఇనప రేకులు పెట్టి సొంతంగా చేసుకున్నారు. మార్కులు పైకి వెళ్ళిపోయాక, ఊరికే చూద్దామని, అతుకులన్నీ ఒక్కొక్కటిగా అందులో బిగించి సముద్రం పోటుకు సమానమైన ఒత్తిడి ఇచ్చారు. నేను పక్కన నిలబడి పత్రిక కోసం రాసుకున్నాను. మొదటి అతుకు పదకొండు సెకన్లలో చెమర్చింది. మిగతావాటిలో ఎక్కువసేపు ఆగింది రెండు నిమిషాలు. పంతొమ్మిదో నంబరు అరగంట ఆగింది. ఇంకా ఆగేదే, ఏలియాగారే పంపు ఆపేశారు.

"పంతొమ్మిది ఎవరిదండీ?"

"పెమ్మాడి వీరవేణి. ముప్ఫై ఎనిమిది మార్కులు. డెబ్బై వస్తేగాని పాసు కాదు."

"మరి ఈ పాతిక మందీ?"

"వచ్చే నెల ఒకటో తారీఖున షట్టర్ల మీద పనికెళ్తారు" అన్నారాయన, తొట్టిలో నీళ్ళు వంచేస్తూ. "మీ వీధి ఏ షట్టరు కిందండీ?"

ఏడో షట్టరు కింద అన్నాను.

జూలై 10
ఊట: ఐదు బకెట్లు

మా గడప సముద్రమట్టానికి రెండున్నర మీటర్లు కింద ఉంటుంది. పొద్దున లేవగానే ఇంటి ఊట గుంట తోడి, ఎన్ని బకెట్లో తలుపు పక్కన పలక మీద సుద్దతో రాయడం ఈ ఊళ్ళో పళ్ళు తోముకోవడం లాంటిది. ఏడింటికి కట్ట ఆఫీసు లస్కరు వచ్చి పలకలు చూసి రాసుకుపోతుంది. మా వీధి లస్కరు పెమ్మాడి నూకరత్నంగారు, ఫెయిలైన అమ్మాయి తల్లి. కిందటేడాది ఇదే రోజు మా పలక మీద రెండు. ఈ రోజు ఐదు.

సముద్రాన్ని ఆపే ఈ కట్టకు తొమ్మిది షట్టర్లు. ప్రతిదాని చుట్టూ రబ్బరు సీలు ఉంటుంది. సీలు మధ్యలో తెగదు, అతుకు దగ్గరే విడుతుంది. ఏడో షట్టరు దగ్గర ఊట ఏప్రిల్లో నిమిషానికి నలభై లీటర్లు. జూన్లో తొంభై ఐదు. నిన్న నూట ముప్ఫై. ఏ షట్టరు దగ్గరైనా మూడు వందలు దాటితే కింది మూడు వీధులు ఖాళీ చేయించాలి. ఆ వీధుల్లో ఆరు వందల పన్నెండు ఇళ్ళున్నాయి.

కట్ట ఆఫీసు చెప్పే కారణం రబ్బరు నాణ్యత. మూడేళ్ళలో రబ్బరు సరఫరాదారుని రెండుసార్లు మార్చారు. రెండుసార్లూ ఊట పెరిగింది. ఏలియాగారు చెప్పే కారణం వేరు: చేతొడుగులు రాకముందు పని నేర్చుకున్న పాత ఫిట్టర్లు ఒక్కొక్కరే దిగిపోయారు, ఆఖరాయన రెండేళ్ళ క్రితం వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళ అతుకుల్ని చాటుగా మళ్ళీ వేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పదవీ విరమణల పట్టీ తెప్పించి ఊట లెక్కల పక్కన పెట్టి చూశాను. తారీఖులు సరిపోయాయి.

జూలై 12
ఊట: ఐదు బకెట్లు

వీరవేణిని లాకుల దగ్గర కలిశాను. పంతొమ్మిదేళ్ళు. గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని లాకు తలుపుకి చుట్టుకున్న గుర్రపుడెక్క లాగుతోంది.

విద్యాలయంలో నేర్పే ప్రతి పనికీ ఒక అచ్చు ఉంది. ఆ పనిలో అందరికంటే నేర్పరి అనిపించుకున్న మనిషికి చేతొడుగులు, భుజాలకీ పాదాలకీ పట్టీలు వేసి, పని చేయించి, కదలికలు రికార్డు చేస్తారు. మనిషి బొమ్మ ఉండదు, పేరుండదు. గీతలే మిగులుతాయి. పాఠ్యపుస్తకం, పరీక్ష, లైసెన్సు అన్నీ ఆ గీతల్లోంచే వస్తాయి. విద్యార్థి చేతులు వాటికి ఎంత దగ్గరగా కదిలితే అన్ని మార్కులు. సీలు ఫిట్టరు అచ్చులో ఉన్న మనిషికి కాగితాల్లో 'ఆధార కార్మికురాలు-4' అని పేరు. ఊళ్ళో రత్నం అచ్చు అంటారు.

"అంటే మీ అమ్మగారి పద్ధతిలోనే నువ్వు ఫెయిలయ్యావు" అన్నాను.

"అవునండి. రెండేళ్ళ నుంచి కాలేజీలో అందరూ అన్నారు. మీరొక్కరే మిగిలారు, మీరూ అనేశారు."

తప్పు నాదే. ఎక్కడ తేడా వచ్చిందో చూపించమన్నాను. లేచి, లాకు తలుపు చట్రానికి ఛాతీ ఆనించి నిలబడింది.

"అమ్మ మా పడవ తలుపుకి అతుకేస్తే ఇలా ఆనుకుని, ఒంటి బరువంతా రోలరు మీద పెట్టి, ఆపకుండా తిప్పేస్తదండి. కాలేజీలో అలాక్కాదు. చట్రానికి చెయ్యంత దూరం నిలబడాలి. పక్కకి తిరగాలి. ఎనిమిది తిప్పులు తిప్పి ఎడం చెయ్యి నడుం మీద పెట్టి నాలుగు సెకన్లు ఆగాలి. నేర్చుకున్నానండి. పరీక్షలో నిలబడేసరికి చెయ్యి ఆగదు."

"రెండు పద్ధతులూ వేరని అమ్మకి చెప్పలేదా?"

"అమ్మ మర్చిపోయిందనుకున్నానండి. నేను పుట్టాక ఆ పని మానేసింది కదా."

సర్టిఫికెట్ లేకపోతే ఏం చేస్తావంటే, ఇదే, అని గుర్రపుడెక్క చూపించింది. ఫిట్టరు పరీక్ష రెండుసార్లే రాయనిస్తారు. మిగిలింది ఒకసారి.

జూలై 14
ఊట: ఐదు బకెట్లు

ఆదివారం. ఏలియాగారిని వెంటబెట్టుకుని లాకు క్వార్టర్సుకి వెళ్ళాను. నూకరత్నంగారు విద్యాలయంలో ఇప్పుడేం నేర్పుతున్నారో ఎన్నడూ చూడలేదట. సర్టిఫికెట్ లేనివాళ్ళని వర్క్‌షాపులోకి రానివ్వరు. ఆవిడకి సర్టిఫికెట్ లేదు. ఆవిడ నేర్చుకునేనాటికి సర్టిఫికెట్లే లేవు.

"అమ్మాయి చేసి చూపిస్తే వేరేగా ఉందనుకున్నానండి" అన్నారావిడ. "చదువుకున్నోళ్ళు కదా, తర్వాత బాగు చేసుంటారులే అనుకున్నాను."

బాగు చేయలేదని, పంతొమ్మిదేళ్ళుగా ఒక్క గీత కూడా మార్చలేదని ఏలియాగారు చెప్పారు. ఆరో పాఠం కూడా గుర్తుచేశారు. అది 'దేహ దూర సూత్రం': ఒంటి వేడి తగిలితే రబ్బరు సొల్యూషన్ చెడుతుంది కాబట్టి చెయ్యంత దూరం నిలబడాలి. ఏడో పాఠం 'విరామ సూత్రం': నాలుగు సెకన్లు ఆగితే రబ్బరు సర్దుకుంటుంది. రెండిట్లోంచీ ఏటా రెండు మార్కుల ప్రశ్న వస్తుంది.

"నేను ఏనాడూ అనలేదండి ఆ మాటలు" అన్నారు నూకరత్నంగారు.

"మాటలు మీవి కాదమ్మా. మీ చేతులు చూసి పుస్తకం రాసినాయన కనిపెట్టుకున్నాడు. ఇదిగో, చూడండి."

ఏలియాగారికి యాభై ఎనిమిదేళ్ళు. లాకు గోడకి ఆనించిన పాత చట్రం ముందుకెళ్ళి పక్కకి తిరిగి నిలబడ్డారు. కాళ్ళు ఎడంగా పెట్టారు. చేతులు బారుగా చాచి రోలరు పట్టి ఎనిమిది తిప్పులు తిప్పారు. ఎడం చెయ్యి నడుం వెనక ఆనించి, కాస్త వెనక్కి వాలి, భుజాలు ఎత్తి దించారు. భుజాలు ఎత్తి దించడానికి మూడు మార్కులు. మళ్ళీ ఎనిమిది తిప్పులు. మళ్ళీ నడుం మీద చెయ్యి.

నూకరత్నంగారు కళ్ళార్పకుండా చూశారు.

"ఏలియాగారూ, ఎన్నో నెలండి?"

ఏలియాగారికి అర్థం కాలేదు. నాకూ వెంటనే కాలేదు. వీరవేణి చేతిలో ఉన్న మంచినీళ్ళ చెంబు కింద పెట్టేసింది.

"అమ్మా!"

"నువ్వేనే" అన్నారావిడ. నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడ్డారు. "నాకప్పుడు ఎనిమిదో నెలండి. పొట్ట అడ్డం. చట్రానికి ఆనుకుంటే లోపల ఇది తన్నేది. అందుకని దూరంగా, పక్కకి తిరిగి చేశాను. నడుం లాగేస్తంటే ఆగేదాన్ని. ఆగొద్దని వాళ్ళనలేదు మరి."

"వాళ్ళకి చెప్పలేదా?" అన్నాను.

"ఏం చెప్పాలండి? ఇంత పొట్ట కళ్ళెదురుగా ఉంది కదా. నీకు పొట్టుందని వాళ్ళు నాకు చెప్పలేదు, నేనూ వాళ్ళకి చెప్పలేదు."

"ఆ రోజు వేసిన అతుకు నీళ్ళకి ఆగిందా?"

"నీళ్ళు పెట్టి చూడలేదండి. చేతులే తీసుకెళ్ళారు."

ఏలియాగారు రోలరు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. "పదహారేళ్ళండి" అన్నారు. "బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్పాను. దూరం నిలబడండ్రా, దూరం నిలబడండ్రా అని."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

జూలై 15
ఊట: ఆరు బకెట్లు

నవ్వొచ్చిన విషయం కాబట్టి కాగితం లేకుండా రాయకూడదు. ప్రమాణాల కార్యాలయంలో అచ్చు నమోదు పత్రం కావాలని అడిగాను. మొదటి కిటికీ దగ్గర, ఆధార కార్మికుల వివరాలు రహస్యం అన్నారు. ఆధార కార్మికురాలి సంతకంతో అర్జీ తెచ్చాను. రెండో కిటికీ దగ్గర, అర్జీ పెట్టాల్సింది ఆధార కార్మికురాలు-4, నూకరత్నం కాదు అన్నారు. ఇద్దరూ ఒకరేనని రుజువేమిటంటే, అది రహస్యం. మూడో కిటికీలో ఉన్న గుమాస్తా నూకరత్నంగారు పలకలు చూసే వీధిలోనే ఉంటాడు. నకలు ఇచ్చాడు.

అచ్చు తీసిన తేదీ: ఫిబ్రవరి 3. ఆరోగ్య స్థితి అన్నచోట 'సాధారణం' దగ్గర టిక్కు. జనన నమోదులో వీరవేణి పుట్టిన తేదీ: అదే సంవత్సరం మార్చి 14. మధ్య ముప్ఫై తొమ్మిది రోజులు.

రెండు కాగితాలూ రేపటి పత్రికలో వస్తాయి.

జూలై 18
ఊట: ఆరు బకెట్లు

వార్త వచ్చి రెండు రోజులైంది. ఊళ్ళో ఫిట్టర్లు కనిపిస్తే చింతకాయలు ఇస్తున్నారట. కార్యాలయం నుంచి ఖండన రాలేదు, సవరణా రాలేదు. పాఠ్య ప్రణాళికాధికారి దంతులూరి సుభద్రాదేవిగారు ఇరవై నిమిషాలు టైమిచ్చారు. ఆవిడ బల్ల మీద ఆరో పాఠం తెరిచి ఉంది.

"ఆరోగ్యం సాధారణం అని రాశారు" అన్నాను.

"గర్భం అనారోగ్యం కాదు కదండీ. ఫారంలో ఇంకో గడి లేదు."

"అచ్చు తప్పని ఒప్పుకుంటారా?"

"నేను ఒప్పుకుంటే ఏమవుతుందో చెప్తాను, రాసుకోండి. ఈ అచ్చు మీద సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళు పదకొండు వందల నలభై మంది. అచ్చు తప్పంటే ఆ రోజే అవన్నీ చెల్లవు. సర్టిఫికెట్ లేని చెయ్యి షట్టరు మీద పడకూడదు. తొమ్మిది షట్టర్ల దగ్గరా పని ఆగిపోతుంది. శ్రావణ పౌర్ణమి పోటుకి ఇరవై ఐదు రోజులుంది. ఆపమంటారా?"

రాసుకున్నాను.

"మరి సవరణ ఎప్పుడు?"

"ఇరవై ఏళ్ళకోసారి. వచ్చే మార్చికి అవుతుంది. ముందుకు జరపాలంటే దీంతో సమానార్హత ఉన్న మరో పద్నాలుగు పనుల అచ్చులు కూడా జరపాలి." పుస్తకం మూసేశారు. "ఆ అమ్మాయికి రెండో పరీక్ష ఇరవై ఎనిమిదిన పెట్టిస్తాను. నా చేతిలో ఉన్నది అదే."

"అతుకుని నీళ్ళలో పెట్టి చూడటం పరీక్షలో చేర్చలేరా?"

"చేతొడుగులు కొలవలేనిది ప్రమాణం కాదని మొదటి పేజీలోనే ఉందండి. నేను రాసింది కాదు. నేను చదువుకున్నది."

జూలై 22
ఊట: ఏడు బకెట్లు

ఏడో షట్టరు: నూట డెబ్బై లీటర్లు.

కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇక ముందు అచ్చు తీసేటప్పుడు ఆధార కార్మికుల నడుము చుట్టుకొలత నమోదు చేయాలి. వెనకటి అచ్చులకు ఇది వర్తించదు.

జూలై 28
ఊట: ఏడు బకెట్లు

ఉదయం 9:00. రెండో పరీక్ష. ఆదివారమైనా పెట్టించారు, హాజరైనది ఒక్కరే.

వీరవేణి వర్క్‌షాపులోకి వచ్చినప్పుడు ఆప్రాన్ ముందుకి పొడుచుకొచ్చి ఉంది. లోపల ఐదు కిలోల తవుడు సంచి. వాళ్ళమ్మ తన పాత చీరతో నడుం చుట్టూ బిగించి కట్టారు. తలుపు దాకా వచ్చి, లోపలికి రానివ్వరు కాబట్టి అక్కడే నిలబడి ముడులు సరిచూశారు.

"ఇంకొంచెం కిందకి ఉండేదే."

"అమ్మా, చాలు, ఊపిరాడట్లేదు."

"నాకు మాత్రం ఆడిందా?"

ఏలియాగారు పరీక్షా నియమాలు తీసి దుస్తుల పేజీ మొత్తం పైకి చదివారు. వదులు చేతుల చొక్కా నిషిద్ధం. గాజులు, ఉంగరాలు నిషిద్ధం. పొట్ట గురించి ఏమీ లేదు.

ఆ అమ్మాయి చట్రానికి ఆనుకోబోయింది, సంచి అడ్డం పడింది. పక్కకి తిరిగింది. చేతులు వాటంతటవే బారుగా చాపుకున్నాయి. ఏడో తిప్పుకి నడుం పట్టేసినట్టుంది, ఎనిమిదో దానికి ఎడం చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. రెండేళ్ళు నేర్పినా రానిది ఐదు కిలోల తవుడుతో వచ్చింది. తొంభై ఏడు మార్కులు. విద్యాలయం పెట్టాక ఈ పనిలో ఎవరికీ అన్ని రాలేదు.

ఏలియాగారు అతుకుని తొట్టిలో బిగించారు. తొమ్మిది సెకన్లకి కారింది.

వీరవేణి సంచి విప్పుకుంటూ ఆ చెమ్మ వైపు చూసింది. సర్టిఫికెట్ చేతికిస్తే వెంటనే తీసుకోలేదు. "దీనికా సార్, ఇస్తున్నారు?" అంది.

"తీసుకో" అన్నారాయన. "తలుపు తెరుచుకునేది దీంతోనే."

ఆగస్టు 5
ఊట: తొమ్మిది బకెట్లు

ఒకటో తారీఖున కొత్త బ్యాచి షట్టర్ల మీదకొచ్చింది. మొదటి నెల పర్యవేక్షణ ఏలియాగారిదే. నలుగురు కలిసి ఏడో షట్టరు అతుకు విప్పి, అచ్చు ప్రకారం కొత్తది వేశారు. సగటు తొంభై ఒక్క మార్కులు. వేయకముందు ఊట నూట తొంభై లీటర్లు. వేశాక రెండు వందల పది.

కింది మూడు వీధుల్లో సామాన్లు మేడమీదకి ఎక్కిస్తున్నారు. మా ఎదురింటివాళ్ళు మంచం నిట్టనిలువుగా కట్టి, దాని మీద బియ్యం డబ్బా పెట్టారు. నూకరత్నంగారు పలక చూసి తొమ్మిది అని రాసుకుని, మళ్ళీ చూసి, "ఉదయానికా, రెండు పూటలకా?" అని అడిగారు. ఉదయానికే.

కట్ట ఆఫీసు రబ్బరు సరఫరాదారుకి నోటీసిచ్చింది.

ఆగస్టు 10
ఊట: పది బకెట్లు

పోటుకి రెండు రోజులు. మధ్యాహ్నం 2:00కి ఏడో షట్టరు గదికి వెళ్ళాను. లైసెన్సు చేతొడుగు తగిలిస్తేగాని ఆ గది తలుపు తెరుచుకోదు. ఏలియాగారు తెరిచారు. పాత అతుకు విప్పేసి ఉంది. గోడల మీద తడి, కింద మోకాలి దాకా నీళ్ళు. వీరవేణి రబ్బరు కొసను ఏటవాలుగా కోసి, బ్రష్షుతో గరుకు చేసి, సొల్యూషన్ రాసింది. అది ఎండిందో లేదో వేలి కణుపుతో తాకి చూస్తూ నిలబడింది. తవుడు సంచి తేలేదు.

"సార్, మూడు తప్పులైతే లైసెన్సు ఆపేస్తారు కదండి?"

"ఆపేస్తారు."

"ఆనుకుని వేస్తే ఒక అతుక్కి ఎన్నవుతాయండి?"

"పాతికకి తక్కువ కావు."

"అయితే మూడు దాటాక ఇక భయం లేదు."

ఏలియాగారు తన చేతిలో ఉన్న ప్రమాణ పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, దీపం ఆమె వైపు తిప్పారు.

ఆమె చట్రానికి ఛాతీ ఆనించింది. రోలరు మీద ఒంటి బరువు పెట్టింది. మధ్యలోంచి అంచులకి, ఆపకుండా. మొదటి పది సెకన్లలోనే చేతొడుగు కుట్టడం మొదలైంది. తప్పు చేస్తే చీమ కుట్టినట్టు కుడుతుందని అంటారు. చీమ కాదని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. ఆరు నిమిషాల నలభై సెకన్లు. ఎక్కడా ఆగలేదు. బిగింపులు వేసి, చేతొడుగు తీసేసి, వేళ్ళు నోట్లో పెట్టుకుంది.

ముప్ఫై ఒక్క తప్పులు. ఎనిమిది మార్కులు.

సాయంత్రం 5:30కి నీళ్ళు వదిలి కొలిచారు. నిమిషానికి ఆరు లీటర్లు.

ఆగస్టు 12
ఊట: మూడు బకెట్లు

ఉదయం 9:20కి శ్రావణ పౌర్ణమి పోటు. ఏడో షట్టరు: తొమ్మిది లీటర్లు. తొమ్మిదో షట్టరు: నూట ఎనభై ఐదు. మూడో షట్టరు: రెండు వందల డెబ్బై. కింది వీధులు ఖాళీ చేయించలేదు. ముప్ఫై లీటర్ల తేడాతో.

ఎదురింటివాళ్ళు మంచం దించలేదు. మూడో షట్టరు సంగతి వాళ్ళకీ తెలిసింది.

ఆగస్టు 13
ఊట: మూడు బకెట్లు

వీరవేణి లైసెన్సు నిలిపేశారు. నోటీసులో కారణం: 'ప్రమాణానికి భిన్నంగా, ఉద్దేశపూర్వకంగా, ముప్ఫై ఒక్కసార్లు.' ఏడో షట్టరు ఊట అంకె నోటీసులో లేదు. ఎందుకు లేదని అడిగాను. ఆ అంకె ఇంజినీరింగ్ విభాగానిది, నోటీసు విద్యా విభాగానిది.

అదే రోజు మూడో షట్టరుకి అచ్చు ప్రకారం కొత్త అతుకు వేశారు. తొంభై మూడు మార్కులు. సాయంత్రానికి రెండు వందల ఎనభై లీటర్లు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా విలేకరి పని చేస్తున్నాను. అబద్ధం చెప్పినవాళ్ళని పట్టుకోవడం తెలుసు. ఈ వ్యవహారంలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఎవరిని పట్టుకోవాలో తెలియడం లేదు.

ఆగస్టు 16
ఊట: నాలుగు బకెట్లు

ఉదయం సుభద్రాదేవిగారు తనే ఫోన్ చేశారు.

"లైసెన్సు విచారణ నిబంధనలు చదివారా? పద్నాలుగోది."

"చదవమంటారా?"

"నేను అనలేదు. చదివారా అని అడిగాను."

చదివాను. పని ప్రమాణానికి భిన్నంగా ఉందా లేదా అన్న వివాదం వస్తే, ఆధార కార్మికుడు లేదా కార్మికురాలు జీవించి ఉన్నట్లయితే, వారి సాక్ష్యమే అంతిమం. అచ్చు తన పనితీరు కాదని వారు చెప్తే, ఆ రోజు నుంచి అచ్చు రద్దు. ఇది రాసినప్పుడు ఆధార కార్మికురాలు ఎదురొచ్చి మాట్లాడుతుందని ఎవరూ అనుకుని ఉండరు. మళ్ళీ ఫోన్ చేసి, అచ్చు రద్దయితే పదకొండు వందల నలభై సర్టిఫికెట్లు ఏమవుతాయని అడిగాను.

"దానికి నిబంధన లేదండి. రాయాలి." మళ్ళీ తనే, "రాస్తున్నాను" అన్నారు. ఎప్పటికవుతుందో చెప్పలేదు.

మధ్యాహ్నం లాకుల దగ్గరికి వెళ్ళాను. తల్లీకూతుళ్ళు తమ పడవ తలుపు విప్పి గట్టు మీద పెట్టుకున్నారు. ఏలియాగారు, ఆదివారం కాకపోయినా, అక్కడే ఉన్నారు. తలుపుకి ఛాతీ ఆనించి రోలరు తిప్పుతున్నారు. ఎనిమిదో తిప్పుకి ఆయన ఎడం చెయ్యి నడుం మీదకి వెళ్ళిపోయింది.

"సార్" అంది వీరవేణి.

"తెలుసమ్మా. పదహారేళ్ళ అలవాటు." మళ్ళీ మొదలుపెట్టారు.

నూకరత్నంగారికి సాక్షి సమన్లు వచ్చాయి. కవరు మీద 'ఆధార కార్మికురాలు-4' అని ఉంది. లోపల ఒకే ప్రశ్న: సదరు పద్ధతిలో పని చేసినది మీరేనా? అవును, కాదు అని రెండు గడులు.

"అవునంటే పిల్ల లైసెన్సు పోతది" అన్నారావిడ. "కాదంటే అంత మంది పిల్లల కాగితాలు పోతాయి. వాళ్ళంతా మా వీధుల పిల్లలేనండి, రోజూ వాళ్ళ పలకలు చూస్తాను."

"ఏం రాస్తారు?"

"గడుల్లో రాయను. నోటితో చెప్తాను. ఆ రోజు ఆ గదిలో పని చేసింది నేనొక్కదాన్నే కాదండీ, ఇద్దరం అని. ఒకదాని చేతులే రాసుకున్నారు, రెండోదాన్ని వదిలేశారు. ఇప్పుడు ఇద్దరం వచ్చాం, తొట్టి కూడా తెచ్చాం, మళ్ళీ చూసుకోండి అని."

"తొట్టిని హాల్లోకి రానివ్వరమ్మా" అంది వీరవేణి.

"సాక్ష్యం వస్తువు అని రాసిచ్చాను" అన్నారు ఏలియాగారు, రోలరు ఆపకుండా. పదమూడో తిప్పు. లెక్కపెడుతున్నది నేనొక్కడినే కాదు.

విచారణ: ఆగస్టు 21, ఉదయం 11:00, ప్రమాణాల కార్యాలయం, రెండో హాలు. సాక్షి: ఆధార కార్మికురాలు-4. సాక్ష్య వస్తువు: నీళ్ళ తొట్టి ఒకటి, అనుమతి పరిశీలనలో ఉంది.

అమావాస్య పోటు: ఆగస్టు 27, ఉదయం 9:05. మూడో షట్టరు అతుకు వేయాల్సినవారు: పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంది.